బాల్కనీ తలుపు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కొలచల మల్లినాథ సూరి మన మెదక్ వైపువాడు. కాళిదాస భారవి మాఘ శ్రీహర్షులకు వ్యాఖ్యలు రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చాడు. ఆయన చేతికి వచ్చినవి మహాకావ్యాలు గనుక ఆ మాట చెల్లింది. ఈ వ్యాఖ్యాత చేతికి వచ్చింది ఒక్క ఆటవెలది. వరంగల్ కొత్తవాడలో, ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, క్యాలెండరు కాగితం వెనక నీలం సిరాతో రాసి బాల్కనీ తలుపుకు అంటించి ఉంది. కాబట్టి అక్కరలేనివి కొన్ని చెప్పక తప్పదు.

కవి పేరు లేదు. ఇంటి పెద్దాయన తెలుగు పండితుడిగా రిటైరయ్యారు గనుక అందరి అనుమానమూ ఆయన మీదే. అడిగితే "ఎవలు రాస్తేంది, పని కావాలె గని" అని తప్పించుకుంటారు. కృతిపతి విషయంలో మాత్రం సందేహం లేదు. ఆ ఇంటికి కొత్తగా వచ్చిన తెల్ల కుక్కపిల్ల, పేరు బిట్టు. అందరూ దాన్ని పామరేనియన్ అంటారు. మన దేశంలో ఆ పేరుతో పెరిగేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. వంశవర్ణన ఇంతటితో చాలు.

మూలం

లేచినంతఁ దినిన లీల నాడిన యంత
పత్రికపయి నిలుపు ఫలము నొసఁగు
కొత్తవాడ దర్రి గుట్టుగఁ జుట్టుము
తిట్టకుండఁ దుడుము తెలివితోడ

ప్రతిపదార్థం

లేచినంతన్ = నిద్ర లేచిన మరుక్షణమే; తినిన = బొచ్చె నాకడం ముగించగానే; లీలన్ ఆడిన యంత = సోఫా కింది బంతిని విలాసంగా తరిమి అలసిన పిమ్మట; పత్రికపయిన్ = నిన్నటి దినపత్రిక మీద; నిలుపు = నిలబెట్టుము; ఫలమున్ = బిస్కట్టు ముక్కను; ఒసఁగు = ఇమ్ము; కొత్తవాడ దర్రి = కొత్తవాడలో నేసిన జంపఖానాను; గుట్టుగన్ = అది చూడకుండా; చుట్టుము = చుట్టి సజ్జ మీదికి ఎక్కించుము; తిట్టకుండన్ = "ఛీ", "థూ", "నీ మొహం మండ" మున్నగునవి పలకకుండా; తెలివితోడన్ = ఫినైలు వాడకుండా; తుడుము = స్పష్టము.

విశేషాలు

చూడండి, ఏ పని గురించి ఇంత హడావుడో ఆ పని పేరు పద్యంలో ఎక్కడా లేదు. ఓరుగల్లులోనే కూర్చుని ప్రతాపరుద్రీయం రాసిన విద్యానాథుడి కాలానికి ఎంతో ముందు నుంచీ ఆలంకారికులు అశ్లీలాన్ని దోషాల్లో లెక్కిస్తూనే ఉన్నారు. సిగ్గు కలిగించేది, ఏవగింపు కలిగించేది, అమంగళం తోపించేది అని అది మూడు రకాలు. ఈ వస్తువు మొదటి రెండింటికీ పుట్టిల్లు. పూజగదికి దగ్గరగా జరిగితే మూడోదీ తగులుతుంది. కవి కర్మపదాన్నే మింగేసి మూడింటినీ దాటాడు. ఇది ధ్వని. కింది ఇంటి సీలింగు మీద మరక తేలితే మాత్రం ధ్వని వాచ్యమైపోతుంది.

అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పద్యంలో విధి చెప్పే క్రియలు నాలుగు: నిలుపు, ఒసఁగు, చుట్టుము, తుడుము. నాలుగూ మనిషికే. కుక్కకు ఒక్క ఆజ్ఞ కూడా లేదు. కుక్కకు శిక్షణ ఇస్తున్నామని ఇంట్లోవాళ్ళు అనుకుంటున్నారు. మూలం మాత్రం ఆ ఇంట్లోవాళ్ళ కోసమే పుట్టింది. ఈ వ్యాఖ్య మొత్తం ఈ ఒక్క సంగతి మీద నడుస్తుంది.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. ఈ అపార్ట్‌మెంటులో ఆ పాత్ర వాచ్‌మన్‌ది. "సారూ, గొలుసేసి రోడ్డు మీదికి తీస్కపోతె అయిపాయె. ఇంట్ల గీ పేపర్లేంది, గీ పద్యమేంది?" అంటాడు. ధర్మరాజు వెంట మహాప్రస్థానానికి నడిచిన కుక్కకు ఇలాంటి చిక్కు రాలేదు నిజమే. దానికి హిమాలయమంతా ఉంది, పైన లిఫ్టు లేదు.

సిద్ధాంతం. కుక్కపిల్లకు టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై పదహారో వారం దాకా విడతలుగా సాగుతాయి. అవి పూర్తయ్యేలోపు వీధి నేల దానికి ప్రమాదం. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, కుక్కపిల్లలను రక్తవిరేచనాలతో తీసుకుపోతుంది. ఇది మొదటి హేతువు. మే నెల మధ్యాహ్నం కొత్తవాడ సిమెంటు రోడ్డు మీద చెప్పులు లేకుండా నిలబడి చూసినవారికి రెండోది చెప్పక్కర్లేదు. 2023 జూలై చివర వరంగల్, హనుమకొండ కాలనీలు నీళ్ళలో మునిగిన రోజుల్లో మనుషులే బయటికి రాలేదు, అది మూడోది. వీటన్నిటికీ మించి, చిన్న జాతి కుక్కపిల్ల మూత్రాశయం చాలా చిన్నది. మెలకువగా ఉన్నప్పుడు రమారమి నెలకొక గంట చొప్పున ఆపుకోగలదని లెక్క. రెండు నెలల పిల్లకు రెండు గంటలు. అదీ మంచి రోజున. లిఫ్టు ఐదో అంతస్తులో ఆగి ఉందని దానికి నచ్చజెప్పడం ఎవరి తరమూ కాదు.

అసోసియేషన్ వారి ఆక్షేపణ వేరు. "అపార్ట్‌మెంట్ల కుక్కలు వద్దని తీర్మానం చేద్దాం" అంటారు. ఇక్కడ ప్రమాణాలు చూడాలి. శ్రుతి స్థానంలో రాజ్యాంగం ఉంది. ప్రాణుల పట్ల దయ పౌరుడి ప్రాథమిక విధి అని 51ఎ అధికరణం చెబుతుంది. స్మృతి స్థానంలో భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. మెజారిటీ ఓటుతో కూడా పెంపుడు కుక్కను నిషేధించకూడదు, లిఫ్టు వాడనివ్వమనకూడదు అని వాటి సారం. అయితే యజమాని శుభ్రత పాటించాలని కూడా అవే అంటాయి. ఆ సగం వచ్చేసరికి కుక్క ఉన్నవాళ్ళ గొంతు తగ్గుతుంది.

ఇక పాదాలు.

మొదటి పాదంలో మూడు కాలాలు చెప్పాడు. కవి శరీరశాస్త్రం చదివాడో లేదో గానీ లెక్క సరిపోయింది. కడుపులో తిండి పడగానే పేగు కదలడం మొదలవుతుంది. కుక్కపిల్లల్లో ఐదు నిమిషాల నుంచి అరగంట లోపల ఫలితం కనిపిస్తుంది. నిద్ర లేచినప్పుడైతే ఆ వ్యవధి కూడా ఉండదు. అందుకే ‘లేచినంత’ ముందు పెట్టాడు. కాఫీ కలుపుకొని వద్దామనుకునే యజమాని ఈ పాదం దగ్గరే ఓడిపోతాడు. ‘తినిన’ అన్నచోట ఇంకో రహస్యం ఉంది. వేళకు తింటే వేళకు పోతుంది. ఇంట్లో ఒకరికి తెలియకుండా ఒకరు చపాతీ ముక్క, పెరుగన్నం, సకినం ముక్క వేస్తూ ఉంటే ‘తినిన యంత’ రోజంతా అవుతుంది. ఆ ఇంట్లో నానమ్మను ఉద్దేశించి ఈ మాట ప్రత్యేకంగా అండర్‌లైన్ చేసి ఉంది. సకినం ఆపలేదు.

రెండో పాదంలో ‘పత్రిక’ అన్నది ఉపలక్షణం. పీల్చుకునే ప్యాడు, ప్లాస్టిక్ గడ్డి పరిచిన ట్రే కూడా అందులోకే వస్తాయి. ప్యాడులో తడిని జిగురుగా మార్చే పొడి ఉంటుంది, కొరికి మింగే అలవాటున్న పిల్లకు అది పనికిరాదు. పేపరు చవక, కానీ కారుతుంది. కాబట్టి కొన్ని పొరలు వేయాలి. పై పొరలు తీసేసినా, తడిసిన ముక్క ఒకటి అడుగున ఉంచాలని సంప్రదాయం. ఆ వాసనే మళ్ళీ దారి చూపుతుంది. పడక, బొచ్చె ఉన్నచోటికి దూరంగా పరచాలి. తినేచోటు, పడుకునేచోటు పాడుచేసుకోకూడదనే నియమం కుక్కకు పుట్టుకతోనే ఉంది, దానికి మడి ఎవరూ నేర్పలేదు. ఈ ఇంట్లో ఆ దూరపు మూల ఈశాన్యమైంది. వాస్తు చర్చ రెండు ఆదివారాలు నడిచి, ఈశాన్యంలో నీళ్ళుండాలన్నారే గానీ ఏ నీళ్ళో చెప్పలేదన్న పెద్దాయన వాదంతో ముగిసింది.

‘ఫలము నొసఁగు’ దగ్గర కాలనియమం కఠినం. పని అయిన ఒకటి రెండు క్షణాల్లోపే బిస్కట్టు ముక్క నోట్లో పడాలి. అర దగ్గరికి వెళ్ళి డబ్బా మూత తీసేలోగా అది వచ్చి మీ కాళ్ళ దగ్గర కూర్చుంటుంది, మీరు కూర్చున్నందుకు ఫలం ఇచ్చినట్టవుతుంది. నిష్కామకర్మ కుక్కకు వర్తించదు. మగ పిల్ల అయితే ఇంకొక మాట. ఆరు నెలలు దాటాక కాలెత్తడం మొదలవుతుంది, చదును పత్రిక దానికి చాలదు. ట్రే మధ్య ఒక పైపు ముక్కో, నీళ్ళు నింపిన సీసానో నిలబెట్టాలి. వేయి స్తంభాల గుడి ఉన్న ఊళ్ళో దానికి ఒక్క స్తంభం ఇవ్వలేమా?

మూడో పాదం ఈ పద్యానికి ప్రాణం, ఇది కొత్తవాడలో తప్ప ఇంకెక్కడా పుట్టదు. ‘కొత్తవాడ జంపఖాన’ అని పాఠాంతరం చెప్పేవారున్నారు. యతి చెడుతుంది, వదిలేయండి. ‘దర్రీ’ తోకలోని దీర్ఘం ఛందస్సు కోసం కత్తిరించాడు, క్షమించాలి. వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) 2018లో వచ్చింది, వాటికి ఆయువుపట్టు ఈ వాడే. నూలు పోగును పంజాతో కొట్టి కొట్టి దట్టంగా దిగేస్తారు. కుచ్చు ఉండదు, చాలా రకాలు రెండువైపులా ఒకే తీరుగా కనిపిస్తాయి, ఏ వైపు పరిచినా పరిచినట్టే. మెత్తన, దళసరి, తడి పడితే మరుక్షణం పీల్చుకుంటుంది.

ఇప్పుడు ఈ విశేషణాలనే ప్యాడు డబ్బా మీద చదివి చూడండి. మెత్తన, దళసరి, పీల్చుకుంటుంది.

కాబట్టి ఇక్కడి అలంకారం భ్రాంతిమంతం. పోలిక వల్ల ఒకదాన్ని మరొకటిగా పొరబడటం దాని లక్షణం. దానికి ముందు కుక్క ముక్కు నేలకు ఆనించి రెండు చుట్లు తిరుగుతుందే, అప్పుడు నడిచేది సందేహాలంకారం. ఇదా, అదా? ఆ రెండు చుట్ల వ్యవధిలోనే ఎత్తుకొని పత్రిక మీదికి చేర్చాలి. మూడో చుట్టు వ్యాఖ్యాతల పరిధిలోది కాదు. అయితే కుక్క పక్షాన ఒక మాట. దాని వైపు నుంచి ఇది పొరపాటే కాదు. పుట్టిన కొద్ది వారాలకే ఏ నేల మీద అలవాటైతే పాదానికి అదే సరైన చోటుగా స్థిరపడుతుంది. మెత్తటిది తగిలితే అదే. ఇది ప్రత్యక్షం. వాసన ఉన్నచోటే స్థలం అన్నది అనుమానం. పొగ చూసి నిప్పును ఊహించే తర్కమే, తర్కసంగ్రహకారుడు అన్నంభట్టు పాఠం చెప్పినా ఇంతకంటే బాగా చెప్పలేడు.

కింది అంతస్తులో మగ్గం నేసే పెద్దాయన ఒకరున్నారు. తడిసిన దర్రీ తీసుకెళ్ళి చూపిస్తే తడిమి చూసి, "దానికేం ఎర్క బిడ్డా, జీఐ ట్యాగా పాడా? మెత్తగ నేస్తిమి, మెత్తగుందని కూసున్నది. నా పనికి సర్టిఫికేట్ ఇచ్చింది" అన్నారట. ఇంతకంటే నిండైన వ్యాఖ్య ఈ పాదానికి రాలేదు.

‘గుట్టుగ’ ఎందుకు? దర్రీ చుట్టడం చూస్తే కుక్కపిల్ల దాన్ని ఆటనుకుంటుంది, కొస పట్టుకొని లాగుతుంది. బతుకమ్మ రోజులకో వ్రతానికో దర్రీ పరచక తప్పనప్పుడు కుక్కపిల్లను ఆ గదిలోకి రానీయకుండా అడ్డుపలక పెట్టడమే గతి. అలవాటు గట్టిపడేదాకా ఈ పాదానికి మినహాయింపు లేదు.

చివరి పాదం. ‘తిట్టకుండ’ అన్నందుకు ఇంట్లో ఎక్కువ వ్యతిరేకత వచ్చింది. "తప్పు చేసిన మొహం పెట్టింది, దానికి తెల్వదా?" అని ఇంటావిడ వాదం. తెలియదు. న్యూయార్క్ బర్నార్డ్ కళాశాలలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 14 కుక్కలతో చేసిన పరీక్ష 2009లో అచ్చయింది. ఆ తప్పు మొహం కుక్క తప్పు చేసిందా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు, యజమాని గద్దించడాన్ని బట్టి వచ్చింది. ఏ తప్పూ చేయని కుక్క కూడా గద్దిస్తే అదే మొహం పెట్టింది. అప్పుడెప్పుడో జరిగినదానికి ఇప్పుడు ముక్కు పట్టి రుద్దితే అది నేర్చుకునేది ఒక్కటే, మీరు చూడనిచోట కానివ్వాలని. ఆ చోటు తరచుగా మంచం కింద ఉంటుంది.

‘తెలివితోడ’ అంటే ముందు గుడ్డతో అద్దడం. రుద్దితే పోగుల్లోకి దిగుతుంది. తరువాత చల్లటి నీళ్ళు, ఆపైన పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ ద్రావణం. అమ్మోనియా కలిసిన క్లీనర్లు వద్దు. మూత్రం కుళ్ళితే వచ్చేదీ ఆ వాసనే గనుక కుక్క దాన్ని ఆహ్వానపత్రంగా చదువుకుంటుంది. ఫినైలు తడి మీద నడిచి కాళ్ళు నాకితే విషం. దర్రీ మీద ఏ ద్రావణమైనా ముందు ఒక మూల వేసి రంగు దిగుతుందేమో చూసుకోవాలి. ఆ తరువాత డాబా పిట్టగోడ మీద ఎండ.

విన్నపం

ఇప్పుడు అందరూ వార్తలు ఫోన్లోనే చదువుతున్నారు, మూడో అంతస్తువారికి పాత పేపర్లు అందడం లేదు. కొత్తవాడ చుట్టుపక్కల ఇంకా దినపత్రిక వేయించుకునే సహృదయులు ఎవరైనా ఉంటే, కిలోల లెక్కన అమ్మేసే ముందు ఒక కట్ట వాచ్‌మన్ దగ్గర ఇవ్వగలరు. ఏ పత్రికైనా ఫర్వాలేదు. ఆదివారం అనుబంధం నున్నటి కాగితం, తడి పీల్చదు, అది మీరే ఉంచుకోండి.