ఉమ్మడి డ్రైవులో శుచివ్రతుడు

ఆసియా పసిఫిక్ ప్రసారసంస్థల సమాఖ్య 2002వ సంవత్సరమున టోక్యోలో ఆరంభించిన రోబోకాన్ పోటీకి ఏటేట యంత్రములను సిద్ధపఱచు విద్యార్థిబృందములు మన యింజనీరింగు కళాశాలలందును కలవు. 2008లో పుణేలో జరిగిన పోటీకి ఉట్టికొట్టు వేడుకయే యితివృత్తము. నేను సలహాదారుగా నున్న బృందమునకు మాత్రము, ఉట్టి అందుమాట యటుండగా, ఫైలు అందుటయే గగనము.

యంత్రముల నమూనాలు గీయుటకు మేము వాడు సాలిడ్‌వర్క్స్ అను సాఫ్టువేరులో చక్రము, ఇరుసు, బ్రాకెట్టు, మోటారుపీఠము వేర్వేరు ఫైళ్లు. వాని నన్నిటిని కూర్చి యంత్రముగా జూపు అసెంబ్లీ ఫైలు వేఱొకటి. యంత్రమంతయు దీనిలోనే యున్నట్లు చూచువారికి భ్రాంతి గలుగును గాని, శుభలేఖలు పంచుటకు వ్రాసికొన్న జాబితాలో బంధువుల పేళ్లు, చిరునామాలే గాని బంధువు లుండనట్లు, అందు ముఖ్యముగ నుండునవి ఏ భాగము ఏ ఫోల్డరున నున్నదను గుర్తులును, ఏది దేని నంటియుండవలెనను నియమములును మాత్రమే.

ఈ రహస్య మెఱుగని యొక శుచివ్రతుడు మా బృందమున జేరెను. సోమరులవలన మా కెన్నడును ఆపద రాలేదు. సోమరి ఫైలు తెఱవడు, కనుక చెఱుపడు. ఈ కుఱ్ఱవాడో, ఒకనాటి రాత్రి ఉమ్మడి డ్రైవులో ‘బేస్ ఫైనల్’, ‘బేస్ ఫైనల్ 2’, ‘బేస్ ఇదే వాడండి’ ఇత్యాది నామధేయములను గాంచి, జుగుప్స జెంది, పేళ్లు మార్చి, క్రొత్త ఫోల్డర్లు గల్పించి, సమస్తమును వానిలోనికి తరలించి, తెల్లవారుజామున గ్రూపులో “అంతా సర్దేశాను సార్” అని సందేశము పెట్టెను. ఉదయము అసెంబ్లీ తెఱచినవారికి భాగములు కనబడుట లేదను హెచ్చరికలు వరుసగా ప్రత్యక్షమయ్యెను. అదివఱకే క్రమముగ నుండుటచే అతడు ముట్టని చక్రములు నాలుగును, మోయుట కేమియు లేక, తెరపై నిరాధారముగ నిలిచియుండెను.

“ఎందుకు మార్చావయ్యా?” అంటిని.

“పేర్లు బాగాలేవు సార్.”

కాదనుటకు వీలు లేకపోయెను.

పేరు మార్చదలచినచో అసెంబ్లీని తెఱచి సాఫ్టువేరులోనుండియే మార్చవలెననియు, ఒకచోటినుండి వేఱొకచోటికి పంపదలచినచో ‘ప్యాక్ అండ్ గో’ నాశ్రయింపవలెననియు, క్రొత్త వెర్షనులో భద్రపఱచినదానిని ప్రయోగశాలలోని పాత వెర్షను తెఱవజాలదనియు, ప్రోగ్రాముల నిద్దరు దిద్దినను గిట్ అను సాఫ్టువేరు చాలవఱకు కలిపిపెట్టును గాని ఒకే బ్రాకెట్టు నిద్దరు దిద్దినచో కలిపిపెట్టు దేవుడు లేడనియు నాడే గోడపై వ్రాయించితిని. ఒక భాగమును దిద్దుటకై తనపేర చెక్‌ అవుట్ చేసికొన్నవాడు దానిని చెక్‌ ఇన్ చేసి తిరిగి యప్పగించువఱకు ఆ భాగమును వేఱొకడు తాకరాదు.

పేళ్లు మార్చు నధికారము ఇప్పుడు ఆ శుచివ్రతున కొక్కనికే కలదు. గుర్తులు తెగినచో ఏమగునో బృందమున వానికన్న బాగుగ నెఱిగినవాడు లేడు. సోమరులకు చూచు హక్కు మాత్ర మిచ్చితిమి. వారు దాని నింతవఱకు వినియోగించుకొనలేదు.