సామానుకంటే ముందే బాధ్యత బయల్దేరింది

హైదరాబాద్ నుంచి గురుగ్రామ్‌కి కాపురం మారుస్తున్నారా? శుభం. వైరాగ్యం కోసం ఇక కాశీ దాకా పోనక్కర్లేదు, ప్యాకర్స్ అండ్ మూవర్స్ వారికి అడ్వాన్స్ కట్టండి చాలు.

ఇల్లు చూడకుండానే ఫోన్‌లో రేటు చెప్పగల దివ్యదృష్టి వారిది. "టూ బీహెచ్‌కేనే కదా సార్? అన్నీ కలిపే!" అంటారు. లోడింగ్ రోజున ఆ 'అన్నీ'లోంచి ఒక్కొక్కటే జారుకుంటుంది. లిఫ్ట్ లేకపోతే అంతస్తుకింత, ఏసీ విప్పితే ఇంత, టీవీకి చెక్కపెట్టె కావాలంటే ఇంకొంత. బిల్లు కావాలంటే జీఎస్టీ అదనం. వద్దంటే జీఎస్టీ ఉండదు, రేపు అడగడానికి కాగితమూ ఉండదు.

ప్యాకింగ్ కళ్లారా చూడాల్సిందే. ప్లాస్టిక్ బకెట్‌కి మూడు చుట్లు బబుల్ ర్యాప్, గాజు గిన్నెలకు నిన్నటి పేపరు. మంచం బోల్టులన్నీ ఒక కవర్లో వేసి, "చూసుకోండి మేడమ్, ఒక్కటీ పోలేదు" అని లెక్క చెప్పి మరీ, ఆ కవర్ని ఏ పెట్టెలో పడేశారో మాత్రం దేవుడికే వదిలేస్తారు. ఆవకాయ జాడీ మూతకు టేపేసి పట్టుచీరల మధ్య పడుకోబెడతారు. మెత్తగా ఉంటుందట!

ఇక లారీ. 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే సూటిగా ఢిల్లీయే. కానీ మీరు డబ్బు కట్టింది లారీకి కాదు, లారీలో ఒక మూలకి. కాబట్టి నాగ్‌పూర్‌లో సామాను ఇంకో బండెక్కుతుంది. ఆఫీసు వాళ్లు డ్రైవర్ని అడగమంటారు. డ్రైవర్ "అది నా బండి కాదు సార్" అంటాడు. ఏజెంట్ ఫోన్ స్విచాఫ్.

చివరికి బండొచ్చి గేటు బయట ఆగుతుంది. మిగతా డబ్బు పడితే గానీ తాడు విప్పరు. విప్పాక చూస్తే ఫ్రిజ్‌కి సొట్ట, మీ పుస్తకాల పెట్టె బదులు ఎవరివో రజాయిలు. ఢిల్లీ చలికి పనికొస్తాయి లెండి.

కోప్పడితే రసీదు అడుగున చీమతలకాయంత అక్షరాలు చూపిస్తారు: 'ఓనర్స్ రిస్క్'. కింద మీ సంతకమే. అయితే 1865 నాటి చట్టాన్ని రద్దు చేసి 2007లో తెచ్చిన క్యారేజ్ బై రోడ్ చట్టం ఇంకోమాట చెబుతుంది. సామాను పాడైతే రవాణాదారు నిర్లక్ష్యాన్ని మీరు రుజువు చేయనక్కర్లేదు. బుక్ చేసిన 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసిస్తే చాలు. కాకపోతే విలువ ముందే చెప్పి ఎక్కువ చార్జీకి ఒప్పుకోకపోతే, పరిహారం కట్టిన కిరాయికి పదింతలు దాటదు. ఇన్సూరెన్స్ తగ్గించుకుందామని లక్షన్నర టీవీని 'పాత టీవీ' అని రాయించిన మన తెలివికి చట్టం ఇచ్చిన బహుమతి అది.

ఇంకో శుభవార్త. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక, కేసు వేయడానికి హైదరాబాద్ రానక్కర్లేదు, గురుగ్రామ్‌లోనే వేసుకోవచ్చు. కావాల్సిందల్లా లారీ రసీదు, సామాన్ల జాబితా, రెండు మూడు ఫొటోలు. అవి ఎక్కడికీ పోవు, భద్రంగానే దాచారు. పుస్తకాల పెట్టెలో!