పక్కింటికి దారి రెండు శాతం

అమ్మానాన్నలు పోయారు, ఊళ్లో పెంకుటిల్లు చెదలు పడుతోంది, అమ్మేద్దామని కూకట్‌పల్లిలోనో డాలస్‌లోనో తీర్మానమైంది. ఇక మంచి బ్రోకరును ఎంచుకోవాలట! తమరు ఎంచుకునేదేమిటి? మీ నాన్నగారి పెద్దకర్మ భోజనాల్లోనే ఆయన మిమ్మల్ని ఎంచుకున్నాడు. విస్తరి ముందు కూర్చుని "పిల్లలు మళ్లీ ఊరొస్తారా?" అని ఆరా తీసింది ఊరికే కాదు.

లైసెన్సు అడుగుతారా? 2016 నాటి రెరా చట్టం ఏజెంట్లు నమోదు కావాలంది గానీ, అది రెరాలో ఎక్కిన వెంచర్లూ అపార్ట్‌మెంట్లూ అమ్మేవాళ్లకు. పెంకుటింటి బ్రోకరుకు తెల్లచొక్కా, రెండు ఫోన్లు, టీకొట్టు బల్ల చాలు.

ఇల్లు చూడగానే ఆయన పెట్టే మొహం చూడాలి. "నైరుతి వీధిపోటు అన్నా. పైగా గ్రామకంఠం, కాగితాల్లేవు. ఎవడు ముట్టుకుంటాడు?" గ్రామకంఠంలో తాతలనాటి ఇళ్లకు దస్తావేజులుండవు. ఆయన ఇంటికీ లేవు. అయినా మీరు బెదిరిపోతారు. ధర దిగుతుంది. బయానా చేతిలో పెట్టి, మూడు నెలల గడువుతో బావమరిది పేర అగ్రిమెంటు రాయించుకుంటాడు. సంతకం తడి ఆరకముందే వీధిపోటు మాయమై ఇంటికి ఈశాన్యం పెరుగుతుంది.

మీరూ తక్కువ తినలేదు లెండి. స్థిరాస్తికి 20,000 రూపాయలు, ఆపైన నగదు పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం 2015 నుంచీ చెబుతూనే ఉంది. "బ్లాక్ ఎంత, వైట్ ఎంత?" అని ముందు నోరు తెరిచింది మీరే. ఆ సంచీ అందుకున్నాక మోసమని ఏ స్టేషను మెట్లెక్కుతారు?

తీరా రిజిస్ట్రేషన్ రోజున కొనేవాడిగా దిగిందెవరు? గోడ అవతలి పెదనాన్నగారబ్బాయి. చూరునీళ్ల తగాదాలో మాటలు మానేసిన అన్నయ్య! దస్తావేజులో రాసింది సర్కారు విలువే కాబట్టి ఆయనెంత ఇచ్చాడో మీకు తెలియదు, మీకెంత ముట్టిందో ఆయనకు తెలియదు. మధ్యలో మిగిలిందంతా బ్రోకరుది. దానిపైన ఇద్దరి దగ్గరా చెరో రెండు శాతం కమీషను, కష్టపడ్డాడు గదా.

"అన్నయ్యా, ఇల్లమ్ముతున్నా, తీసుకుంటావా?" అనడానికి మీకు నామోషీ. "నాకివ్వరా తమ్ముడూ" అనడానికి ఆయనకు నామోషీ. ఆ రెండు నామోషీల మీదే బ్రోకరుగారు మేడ లేపారు. గృహప్రవేశానికి మీ ఇద్దర్నీ పిలిచారు కూడా, వేర్వేరు పూటలకు.