చొప్పవామి పక్కన అంబాసిడర్

నేను 1970లో పుట్టిన అంబాసిడర్ మార్క్ 2ని. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలోని హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారం నా పుట్టిల్లు. ఇంగ్లండులో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు పోలికలే నాకూ వచ్చాయి. లోపల 1489 సీసీ పెట్రోలు ఇంజను. పుట్టుక సంగతి ఇంతే. నా బతుకంతా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నడుమనే గడిచింది. చెప్పుకోవాల్సినదంతా అక్కడే ఉంది.

నన్ను కొన్నది ప్రొద్దుటూరులో నూనె మిల్లు ఆసామి. ఆ రోజుల్లో కారు కావాలంటే ముందుగా డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అందుకే నేను ఊరు చేరిన రోజు ఇంటిల్లిపాదీ కదిలారు. అమ్మవారిశాల ముందు టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. స్టీరింగు పక్కనే గేరు కడ్డీ ఉండటంతో ముందు సీట్లో ముగ్గురు సర్దుకునేవాళ్లు. వెనక ఎంతమంది ఎక్కినా నేను కాదనలేదు.

ఆసామి సొంతూరు పులివెందుల దగ్గరి పల్లె. శెనక్కాయలు పెరికే కాలమంతా నేనక్కడే ఉండేదాన్ని. నా జన్మలో నేను గర్వంగా చెప్పుకునే పని అక్కడే చేశాను. అర్ధరాత్రి ఎవరికైనా నొప్పులు మొదలైతే, పాము కరిస్తే, జనం మొదట మా గేటు తట్టేవాళ్లు. ముద్దనూరు మీదుగా పోయి, పెన్న దాటి, జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి ముందు ఆగేదాన్ని. ఆ ఆసుపత్రిలో కొంతకాలం డాక్టరుగా చేసిన వై.ఎస్.రాజశేఖరరెడ్డి 1973లో తన తండ్రి పేరు మీద పులివెందులలో 70 పడకల ఆసుపత్రి పెట్టాక నాకు అంత దూరాభారం తప్పింది. వెనక సీట్లోనే కన్ను తెరిచిన బిడ్డలూ ఉన్నారు. ఆ సీటు మీది మరకలను ఆసామి ఎన్నడూ చీదరించుకోలేదు.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. కొన్నేళ్లకు మా ఇంటికీ ఒకటి వచ్చింది. దాని మీద నాకు కోపం లేదు. అది తక్కువ తాగుతుంది, తేలిగ్గా తిరుగుతుంది. నా బాధంతా ఆసామి పోయిన తర్వాత మొదలైంది. పెద్దకర్మ కాగానే నన్ను పల్లెకు తోలి, దొడ్లో చొప్పవామి పక్కన ఆపి, తాళం చెవి గూట్లో పడేశారు. “మళ్లీ చూద్దాంలే” అన్నారు. అప్పుడు నా ట్యాంకులో సగం పెట్రోలు ఉంది, రేడియేటర్లో నీళ్లున్నాయి, బ్యాటరీ బిగించే ఉంది. ఆ మూడూ తీసేసి ఉంటే నాకు అంత గతి పట్టేది కాదు.

ఇరవై ఏళ్లు తిరిగి పాడవనిదాన్ని, ఊరికే నిలబడి పాడైపోయాను. పెట్రోలు ఆవిరైపోయి ట్యాంకు అడుగున జిగురు మిగిలింది. అదే కార్బురేటర్ సన్నని దారుల్లో గట్టిపడింది. బోరు నీళ్లలోని సున్నం ఇంజను నీటి గదుల్లో పొరలు పొరలుగా పేరుకుంది. బ్యాటరీ ఆమ్లం కారి కింది రేకును తినేసింది. టైర్లలో గాలి దిగిపోయి రిమ్ములు నల్లరేగడిలో కూరుకుపోయాయి. ఎలుకలు వెనక సీటు కొబ్బరిపీచు లాగి గూళ్లు కట్టుకున్నాయి. బానెట్ మీద పత్తికట్టె పేర్చారు. నా గళ్ల గ్రిల్లు మీది తళతళలాడే పట్టీని ఎవరో పెరికి పట్టుకుపోయారు. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒకటుంది. ఇంజనును చేత్తో తిప్పే ఇనుప హ్యాండిలును డిక్కీలోంచి తీసుకుపోయి, బర్రెను కట్టడానికి గుంజగా పాతారు. నాకు ఊపిరిపోసే కడ్డీ అది. దాన్ని రోజూ ఎదురుగా చూస్తూ నిలబడ్డాను.

కడప జిల్లా ఎండ నన్ను కొంత కాల్చింది, కొంత కాపాడింది. రబ్బరంతా పగిలింది గానీ రేకు నిలిచింది. కోస్తా ఉప్పుగాలిలో అయితే అన్నేళ్లకు రేకుల జాడే ఉండేది కాదు.

పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి నన్ను కిలోల లెక్కన బేరమాడారు. కొడుకులు ఒప్పుకున్నారు. ఆసామి భార్య మాత్రం వాకిట్లో కూర్చుని కదల్లేదు. “మీ నాయన కారు అది. నా కండ్ల ముందర దాన్ని కోయనీయను” అంది. ఆ మాట విన్న మనవరాలు మరుసటి వారమే ప్రొద్దుటూరు నుంచి ఒక ముసలి మెకానిక్‌ను వెంటబెట్టుకొచ్చింది.

ఆయన నన్ను ముట్టుకోకముందే దొడ్లో గుంజ దగ్గర వంగాడు. “పాపా, ఇది గుంజ కాదు, దీని హ్యాండిలు” అని పెరికి మట్టి తుడిచాడు. దాన్ని నా బంపరు కింది రంధ్రంలో దూర్చి తిప్పబోతే కదల్లేదు. పిల్ల ముఖం వాడిపోయింది. “ఇంజను పట్టేసిండాదమ్మా. నాననీ. బలవంతం చేస్తే రింగులు ఇరుగుతాయి” అన్నాడు. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఆ రంధ్రాల్లో కిరోసిను కలిపిన ఇంజనాయిలు పోసి వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చి హ్యాండిలు మీద ఒళ్లంతా ఆన్చి మెల్లగా నొక్కాడు. లోపల ఏదో టక్కుమంది. పిస్టన్లు వెంట్రుకవాసి జరిగాయి. “అమ్మా, బతికే ఉండాది!” అని ఆయన వేసిన కేక ఇంట్లో మంచం మీదున్న ఆసామి భార్యకు, అంటే పిల్ల జేజికి కూడా వినిపించింది.

మెకానిక్ షెడ్డుకు తెచ్చాక ఒక పెద్దమనిషి, డీజిలు ఇంజను పెట్టిస్తే తిరిగేందుకు చవక అని సలహా ఇచ్చాడు. చాలా అంబాసిడర్లు అలాగే గుండె మార్చుకున్నాయి. పిల్ల ఒప్పుకోలేదు. ఆ మేలు మరవలేను. మా తయారీ 2014 మేలో ఆగిపోయింది. అయినా కలకత్తా టాక్సీల పుణ్యాన సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి. కొన్ని అక్కడి నుంచి, కొన్ని చెన్నై పుదుపేట పాత సామాన్ల బజారు నుంచి వచ్చాయి. నాలుగు చక్రాల్లో బిగుసుకుపోయిన బ్రేకు సిలిండర్లను మార్చారు. ట్యాంకు దించి, గులకరాళ్లు, కిరోసిను పోసి ఊపి ఊపి కడిగారు. ప్లగ్గుల తీగలు 1-3-4-2 వరసలో తగిలించారు.

నేను నిద్రపోయిన కాలంలో పెట్రోలే మారిపోయింది. నేనెరిగిన పెట్రోలులో సీసం ఉండేది, అది నా వాల్వుల సీట్లను అరగకుండా కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. ఇప్పుడు అందులో 20 శాతం ఇథనాల్ కూడా కలుస్తోంది, అది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. అందుకే మెకానిక్ గట్టి ఉక్కు సీట్లు దిగగొట్టి, గొట్టాలన్నీ కొత్తవి వేశాడు. ఇది తెలియని చేతుల్లో పడితే స్టార్టయిన కొన్నాళ్లకే మళ్లీ మూలపడేదాన్ని.

బాగుపడిన బండ్లన్నీ రోడ్డెక్కవు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపురంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ ఉంది. దాన్ని తెప్పించమన్న ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అది చేరకముందే 1911లో కన్నుమూశాడు. దాన్ని బాగుచేయించి జనం చూసేందుకు నిలిపారు. నేను రాజుల బండిని కాను. నాకు అలా నిలబడాలనీ లేదు.

ఆ మాట పిల్లకు చెప్పకుండానే తెలిసింది. 50 ఏళ్లు దాటి అసలు రూపు చెడని బండ్లకు 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. అయితే ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీ పనులకు తిప్పకూడదు. అందుకని ఆమె ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, అయిదేళ్ల మామూలు రెన్యువలే తీసుకుంది. జేజిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, అక్కణ్నుంచి పెన్న దాటి పులివెందుల తోలింది. ముద్దనూరు దాటాక ఇంజను కాస్త వేడెక్కింది. ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ కదిలాం.

మీ దొడ్లోనూ నాలాంటిది నిలబడి ఉంటే ఈ వారమే తీగలు విప్పి బ్యాటరీ తీసేయండి. ట్యాంకులో పాత పెట్రోలు, రేడియేటర్లో నీళ్లు దించేయండి. చక్రాలు నేలకు తగలకుండా దిమ్మెల మీద నిలిపి, ప్లగ్గు రంధ్రాల్లో చెంచాడు నూనె పోసి, నెలకోసారి ఇంజనును చేత్తో తిప్పండి. ఆర్‌సీ పుస్తకం ఏ పెట్టెలో ఉందో వెతికి దాచండి. నాది జేజి పట్టుచీరల అడుగున దొరికింది కాబట్టే ఈ రోజు రోడ్డు మీద ఉన్నాను.