నైట్ డ్యూటీ బాబాయిగారు

ఇంట్లో మనిషికి జ్వరమొస్తే ‘పడుకో, అదే తగ్గుతుంది’ అని పేపరు మడిచే చెయ్యే, కుక్క తుమ్మితే ఆటో పిలుస్తుంది. ఇలాంటి పెద్దమనుషులు ఈ మధ్య ప్రతి అపార్టుమెంటులోనూ ఒకరైనా కనిపిస్తున్నారు. ఈ పోస్టుకు కొన్ని అర్హతలున్నాయి. అరవై దాటాలి. పెన్షనుండాలి. పిల్లలు దేశాలు పట్టి పోతూ పోతూ కుక్కను అప్పగించి ఉండాలి. ‘అది గడప తొక్కితే నేను గడప దాటతాను’ అని మొదట్లో ఒకసారైనా శపథం చేసి ఉంటే ఇంటర్వ్యూ కూడా అక్కర్లేదు.

విజయవాడలో మా ఎదురు ఫ్లాట్ బాబాయిగారు అన్ని అర్హతలూ ఉన్న మనిషి. ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు. కూతురు డల్లాస్ వెళ్తూ వదిలిపెట్టిన జూలీ అనే లాబ్రడార్‌కు ఇప్పుడు ఏడేళ్లు.

మొన్న వేసవిలో జూలీ తెగ నీళ్లు తాగడం మొదలుపెట్టింది. బెజవాడ ఎండల్లో ఎవరు మాత్రం తాగరని ఊరుకున్నారు. ఒక పూట పెరుగన్నం గిన్నె చూసి మొహం తిప్పుకుంది. లాబ్రడార్ అన్నం వద్దందంటే ఇంక ఆలోచించడానికేం లేదు. గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో స్కానింగ్ చేసి, గర్భసంచికి చీము పట్టిందన్నారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకు వయసు మీదపడ్డాక, ఎద వెళ్లిన కొన్ని వారాలకు ఇది వస్తుందట. నాన్చితే ప్రాణానికే ముప్పట. అదే రోజు గర్భసంచి తీసేశారు. డాక్టర్ల పని అయిపోయింది, బాబాయిగారి సర్వీసు మొదలైంది.

మత్తు పూర్తిగా వదలక ఆ రాత్రంతా జూలీ మూలుగుతూ ఉంటే, పక్కనే చాప వేసుకుని ‘ఊఁ, ఊఁ’ అని బదులు పలికారు. తెల్లవారగానే లాంగ్ నోట్‌బుక్ కొన్నారు. స్కేలు పెట్టి గళ్లు గీశారు. తేదీ, సమయం, మందు, ఆహారం, మూత్రం, మలం, రిమార్కులు. అన్నీ నిండుతున్నాయి గానీ మలం గడి మాత్రం నిండలేదు. ఆపరేషనుకు ముందు కడుపు మాడ్చారు, మత్తుకు పేగులు మందగిస్తాయి, మూడు నాలుగు రోజులు పట్టొచ్చని డాక్టరమ్మ చెప్పే పంపింది. కానీ సర్వీసంతా ఇతరుల బిల్లుల్లో ఖాళీ గడులు పట్టుకుని వెనక్కి పంపిన మనిషి ఆయన. ఎలా ఓర్చుకుంటారు? నాలుగో రోజు పొద్దున్న ఆరింటికి పార్కింగు వెనక మట్టిలో ఆ శుభకార్యం జరిగింది. వెంటనే డల్లాస్‌కు వీడియో కాల్. అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర. అమ్మాయి ఎవరింట్లోనో పుట్టినరోజు విందులో, చేతిలో ప్లేటుతో ఉంది. ‘చూడమ్మా, గట్టిగానే ఉంది’ అని కెమెరా కిందికి తిప్పారు.

కుట్లు నాకకుండా మెడకు కోన్ కట్టారు. అది పెట్టుకుని జూలీ నడిస్తే గుడి మైకు కాళ్లొచ్చి తిరుగుతున్నట్టుండేది. తలుపులకు కొట్టుకునేది, వెనకనుంచి వచ్చి పిన్నిగారి పిక్కలు గీరేది. ‘కుక్క నాకితే పుండు మానిపోద్దండి, ఆ గొట్టం తీసేయండి’ అన్నాడు వాచ్‌మన్. ‘నాకితే కుట్లూడతాయి. ఊడితే నువ్వేస్తావా?’ అన్నారు బాబాయిగారు.

మాత్రలు మింగించడంలో మాత్రం ఆయన సిద్ధహస్తులైపోయారు. మొదట్లో ఇడ్లీలో దాస్తే జూలీ ఇడ్లీ తిని, మాత్రను శుభ్రంగా నేలమీద పెట్టేది. ఇప్పుడు మూడు పెరుగన్నం ముద్దలు. మొదటిది వట్టిది, నమ్మకానికి. రెండోదాంట్లో మాత్ర. అది నోట్లో ఉండగానే మూడోది కళ్లముందు ఆడిస్తారు. దానికోసం రెండోది గుటుక్కున దిగిపోతుంది.

పేషెంటును చూడ్డానికి మనవాళ్లు వట్టి చేతులతో వెళ్లరు గదా. పై అంతస్తు ఆవిడ ద్రాక్షపళ్లు తెచ్చింది. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలు దెబ్బతీస్తాయని ఆవిడకు గుమ్మంలోనే క్లాసు. సాంబారు తెచ్చినాయనకు ఉల్లిపాయ మీద క్లాసు, ఎర్రకణాలు చితికిపోతాయని. ‘సగం నొప్పిబిళ్ల వెయ్యకపోయారా’ అన్న రిటైర్డ్ హెడ్మాస్టరుకు, మన బిళ్లలు కుక్కలకు ప్రాణాంతకం కావచ్చని కాస్త పెద్ద క్లాసే. కుట్టు ఎర్రబడిందా, వాచిందా, చెమ్మగిల్లిందా, వాసనొస్తోందా అని రెండుపూటలా టార్చి వేసి చూసి ఫోటో తీసేవారు. వదల్లేక వదల్లేక వెళ్లిన ఒక పెళ్లిలో, బంతిలో పక్కాయనకు వరసగా ఆ ఫోటోలే చూపించారు. పాపం, ఆయన పెరుగు దాకా కూర్చోలేదు.

గెంతకూడదు, సోఫా ఎక్కకూడదని జూలీకి ఆంక్ష. అది చూస్తుండగా తను ఎక్కితే ధర్మం కాదని బాబాయిగారూ కిందే కూర్చునేవారు. ‘ఏమే, నువ్వూ దిగరాదూ’ అన్నారట. ‘నా కుట్లు విప్పి ఆరేళ్లయింది లెండి’ అని పిన్నిగారు కాళ్లు కూడా పైకి పెట్టుకున్నారట. ‘నాకు గాల్‌బ్లాడర్ తీసినప్పుడు మూడోనాడే పప్పుచారు తిని ఎన్నాళ్లయిందోనన్న మనిషి ఈయన’ అని నాతో చెప్పారావిడ. ఆ మాటలో కోపం లేదు. లెక్క ఉంది.

పది పన్నెండు రోజులకు గన్నవరంలో కుట్లు విప్పారు. ఇక కోన్ అక్కర్లేదు, మెల్లిగా మామూలుగా తిప్పొచ్చన్నారు.

‘ఇంకో వారం రెస్టు రాయకూడదామ్మా?’

‘అవసరం లేదంకుల్, బాగానే ఉంది.’

‘అయితే ఆ ముక్కే కాగితం మీద రాసి స్టాంపు వెయ్యండి. మెడికల్ లీవు నుంచి వచ్చినవాళ్లను ఫిట్‌నెస్ సర్టిఫికెట్ లేనిదే జాయిన్ చేసుకోకూడదు.’

వాళ్లు నవ్వుకుంటూ రాసిచ్చారు. మర్నాడు పేపరు కుర్రాడు మెట్లెక్కుతుంటే జూలీ అపార్టుమెంటు దద్దరిల్లేలా మొరిగింది. బాబాయిగారు రిమార్కుల గడిలో రాసుకున్నారు: ‘విధులలో చేరినది. పూర్వాహ్నం.’