ఆరో కార్బన్ దగ్గర సల్ఫ్1 ఉద్యోగం

మీతో మాట్లాడుతున్నది సల్ఫ్1 అనే ఎంజైము. "నేను, నేను" అని చెప్పుకోవడం దీనికి సిగ్గు. అందుకే తన కథను ఎవరిదో అన్నట్టు చెబుతుంది, ఏమీ అనుకోకండి.

సల్ఫ్1 వంశం పెద్దదే. మనుషుల్లో సల్ఫేటును ఊడదీసే ఎంజైములు, అంటే సల్ఫేటేజులు, 17. వాటిలో చాలా కణం లోపలి లైసోసోముల్లో, ఆమ్లంలో నానుతూ, పాత సరుకును విరగ్గొడుతూ బతుకు వెళ్లదీస్తాయి. సల్ఫ్1, దాని తోబుట్టువు సల్ఫ్2 మాత్రం గడప దాటి వచ్చి కణం పైపొర మీద కాపురం పెట్టాయి.

అక్కడ హెపరాన్ సల్ఫేటు అనే చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి. రక్తం గడ్డకట్టకుండా డాక్టర్లు ఇచ్చే హెపారిన్ వీటికి దగ్గరి చుట్టం. గొలుసులోని గ్లూకోజమీన్‌కు ఆరో కార్బన్ దగ్గర అంటుకున్న సల్ఫేటును, చొక్కా గుండీ ఊడదీసినట్టు, తీసేయడమే సల్ఫ్1 పని. గొలుసును మాత్రం తెంచదు.

ఇంత చిన్న పనికి ఆత్మకథ ఎందుకంటారా? పిండంలో కణాల తలరాతను దిద్దే వింట్ ప్రొటీన్లు ఆ సల్ఫేట్లను గట్టిగా పట్టుకుని ఉంటాయి. అవి తొలగితే పట్టు సడలి, వింట్ తన గ్రాహకాన్ని అందుకుంటుంది, సంకేతం లోపలికి వెళుతుంది. ఎఫ్‌జీఎఫ్ అనే మరో సంకేత ప్రొటీను సంగతి తలకిందులు. గ్రాహకంతో జతకట్టడానికి దానికి ఆ సల్ఫేటే ఆసరా, అది పోతే సంకేతం నీరసిస్తుంది. ఇక బీఎంపీ అనే ఇంకో సంకేత ప్రొటీనుకు అడ్డుపడే నాగిన్ అనే ప్రొటీను, సల్ఫేటు పోగానే కణం మీద నుంచి జారిపోతుంది. బీఎంపీకి దారి దొరుకుతుంది. చేసిన పని ఒకటే, ఫలితాలు మూడు!

సల్ఫ్1 లోకానికి తెలిసింది 2001లో. కౌజు పిట్ట పిండాల్లో సోనిక్ హెడ్జ్‌హాగ్ సంకేతానికి స్పందించే జన్యువులను వెతుకుతుంటే శాస్త్రవేత్త చార్లెస్ ఎమర్సన్ బృందానికి చిక్కింది. దీన్ని అడ్డుకుని చూస్తే, కండరాల పుట్టుకకు నాంది పలికే మయోడి జన్యువు సరిగా మేలుకోలేదు.

ఎలుకల్లో సల్ఫ్1ను ఒక్కదాన్నే తొలగించినప్పుడు మాత్రం పెద్ద తేడా రాలేదు. కాస్త అవమానమే అయినా, తోబుట్టువు ఆదుకుందని సంతోషించాలి. రెండూ లేకుండా పుట్టిన ఎలుక పిల్లల్లో చాలా బతకలేదు. అన్నవాహికకు నాడులు సరిగా అల్లుకోలేదు.

ఇక క్యాన్సర్ల సంగతి. అండాశయ క్యాన్సర్లు చాలావాటిలో సల్ఫ్1 జన్యువు మూగబోయి ఉంటుంది. కాలేయ క్యాన్సర్లలో సల్ఫ్2 తరచుగా మోతాదు మించి కనిపిస్తుంది. కాబట్టి ఈ ఎంజైములను ఆపే మందు వెతికేవారు, ఏ అవయవంలో ఏ తోబుట్టువును ఆపాలో ముందే తేల్చుకోవాలి.