ఏముందప్పన్న

మాది గూడూరంటే చాలు, అవతలివాళ్ళు "జంక్షనేనా?" అంటారు. కాదు సామీ. జంక్షను నెల్లూరు వైపుది. కృష్ణా జిల్లాలో ఒక గూడూరుంది, మహబూబాబాదు జిల్లాలో మరొకటుంది. మాది కర్నూలు గూడూరు. రైలు లేదు. కర్నూల్లో పల్లెవెలుగు బస్సెక్కి పడమరగా వస్తే తగులుతుంది. హోదాకు నగర పంచాయతీ. ఇల్లు అమ్మేవాడు నగరం అంటాడు, కొనేవాడు పంచాయతీ అంటాడు, బేరం మధ్యలో ఎక్కడో తెగుతుంది.

ఈ ఊళ్ళో ఏముందప్పన్న ఉంటాడు. అమ్మానాన్న పెట్టిన పేరు రేషను కార్డులో భద్రంగా ఉంది గానీ దాంతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరగడు. ఏ మాటయినా "ఏముందప్పా ఈ ఊర్లో!" అని మొదలుపెట్టడం, అదే మాటతో ముగించడం ఆయన పద్ధతి. మధ్యలో చెప్పేదంతా ఈ ఊళ్ళో ఏముందో దాని గురించే.

మనిషి సన్నగా ఉంటాడు. తెల్ల చొక్కా, పంచె, భుజాన టవాలు. జేబులో రెండు ఫోన్లు. ఒకదాంట్లో చార్జింగు ఉండదు, రెండోదాంట్లో బ్యాలెన్సు ఉండదు. కొద్దిపాటి చేను ఉంటే కౌలుకిచ్చాడు. అయినా పొద్దున లేస్తూనే "చేను చూసొస్తా" అని ఇంట్లో చెప్పి బయల్దేరతాడు. చేను ఊరికి తూర్పున ఉంటే ఈయన పడమరకు నడుస్తాడు. వదినకు ఈ సంగతి పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది. ఇంటికి రాగానే "చేనికాడ ఉగ్గాణి బాగుండెనా?" అని అడుగుతుంది. "ఏముందే ఉగ్గాణిలో, బొరుగులూ నీళ్ళూ!" అంటాడు, మూతి మీది పప్పుల పొడి తుడుచుకోకుండానే.

బొరుగులూ నీళ్ళూ అన్నది అబద్ధం కాదు. కానీ ఆ రెంటినీ కలపడంలోనే ఉంది పనంతా. బండి దగ్గర అక్క బొరుగులు తపేలా నీళ్ళలోకి ఒంపగానే మాటలాపేస్తుంది. ఎవరు పలకరించినా పలకదు. రెండు చేతులతో ముంచి, లేపి, పిడికిట్లో పిండి, పక్క గంపలోకి విదిలిస్తుంది. రవ్వంత ఎక్కువ నానితే ముద్దవుతాయి, తక్కువైతే నోట్లో కరకరమంటాయి. అవతల బాండ్లిలో ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, పసుపు వేగుతుంటాయి. పిండిన బొరుగులు అందులో పడి, పైన వేయించిన శెనగపప్పు పొడి పడి, నిమ్మకాయ పిండాక అక్క మళ్ళీ మనుషుల్లోకి వస్తుంది. "ఏమన్నా, రెండు బజ్జీలేనా?" పొడుగు మిరపకాయ బజ్జీ పక్కన లేకపోతే ఉగ్గాణి తిన్నట్టు మావైపు లెక్కలోకి రాదు. ఏముందప్పన్న రెండు ప్లేట్లు తింటాడు. మొదటిది రుచి చూడ్డానికి, రెండోది వంకలు పెట్టడానికి.

ఒకసారి గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఇంజినీరు అదే బండి దగ్గర నిలబడి, "ఇడ్లీ లేదా? మరమరాలతో టిఫినేంటండీ, సాయంకాలం పిల్లలు తినేవి కదా" అన్నాడు. అన్నది అంతే. ఏముందప్పన్న ప్లేటు కింద పెట్టేశాడు.

"సారూ, మీరు ఆ బియ్యం రాత్రంతా నానబెట్టి, రుబ్బి, పులియబెట్టి, ఆవిరి పెట్టి, ఇంత కష్టపడి చేస్తే వచ్చేదేంది? తెల్లగ ఉంటాది, చప్పగ ఉంటాది. మా అక్క ఇంత సేపట్లో చేసె. బళ్లారి పోండి, ఆదోని పోండి, అనంతపురం పోండి, పొద్దున్నే ఇదే తింటారు. ఇన్ని జిల్లాలోళ్ళు పిల్లోళ్ళా?"

ఇంజినీరు బజ్జీ కొరికాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారానికో మాటకో తెలియదు. మర్నాడు మళ్ళీ వచ్చాడు.

ఇక్కడే ఉంది ఈయన గుట్టు. ఊరిని తిట్టే హక్కు ఆయన ఒక్కడిదే. ఇంకొకరు ఆ పని చేస్తే ఊరుకోడు.

ఉగ్గాణి అయ్యాక బస్టాండు. ఈయన బస్సెక్కేది బహు తక్కువ, కానీ బస్సుల సంగతి డిపోవాళ్ళకంటే ఎక్కువ తెలుసు. బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. "అన్నా, కర్నూలు బండి పాయనా?" అని అడిగితే టైము చెప్పడు. "ఇప్పుడే పాయ. దాని ఎనకాల ఇంగోటి వస్తాది గానీ సీటుండదు. ఇంతకీ కర్నూల్లో ఏం పని?" అంటాడు. పని చెబితే, ఆ పనికి ఏ ఆఫీసు, ఏ మేడ మీద, ఎన్నింటికి పోతే సారు దొరుకుతాడు, అన్నీ చెబుతాడు. మనం కృతజ్ఞతగా తల ఊపేలోగా బస్సు వచ్చి పోతుంది కూడా.

కర్నూలు మాటెత్తితే ఆయనకు పాత దెబ్బ గుర్తొస్తుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది కదా, 1956లో హైదరాబాదుకు పోయింది కదా. అప్పటికి ఈయన పుట్టలేదు. అయినా నిన్న సాయంత్రం కళ్ళముందే ఎవరో ఎత్తుకుపోయినట్టు చెబుతాడు. "నాలుగేండ్లు గూడ సరిగా ఉండకపాయ. ఉండింటే మనది రాజధాని పక్క ఊరు. ఎకరా కోటి. ఇప్పుడేముందప్పా?"

కొరియరు వాళ్ళకు కూడా ఈయనే దిక్కు. ఊరి కుర్రాళ్ళు ఫోనులో చెప్పులో చొక్కాలో తెప్పించుకుంటే, అవి ఒక్కోసారి నెల్లూరు వైపు పోయి సముద్రపు గాలి పీల్చుకుని వస్తాయి. అందుకని ఏముందప్పన్న పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెబుతాడు: "ఊరి పేరు కాదురా, పిన్ను చూసుకోండి. 518తో మొదలయ్యేది మనది. 524 అని ఏసినావో, నీ చెప్పులు వాళ్ళు ఏసుకుంటారు."

మధ్యాహ్నం వేపచెట్టు కట్ట. అక్కడ జరిగే చర్చలకు అజెండా ఉండదు, కోరం మాత్రం ఎప్పుడూ తక్కువ కాదు. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యాంలో పందొమ్మిదో గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఆ కట్ట మీద వారం రోజులు ఎవరూ పేకముక్క ముట్టలేదు. మా పశ్చిమ కర్నూలు చేలకు నీళ్ళిచ్చే ఎల్లెల్సీ కాలువ ఆ డ్యాందే మరి. కళ్ళముందే నీళ్ళు నదిలోకి పోతున్నాయంటే ఎవరికైనా కడుపు మండుతుంది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు వచ్చి, పారే నీళ్ళలోనే ఇనుప పలకలు ఒకదాని మీద ఒకటి దించి ఆ సందు మూయించాడు. టీవీలో ఆ దృశ్యం చూసి మాకందరికీ ఒళ్ళు పులకరించింది. ఏముందప్పన్న మాత్రం నింపాదిగా చుట్టూ చూసి, "నేను మొన్నే చెప్పల్యా, పలకలు దించాల్సిందేనని?" అన్నాడు. ఆయన చెప్పింది ఎవరూ వినలేదు. "చెప్పింటావులే అన్నా" అని ఒకాయన రసీదు ఇచ్చినట్టు అన్నాడు. దాంతో తృప్తి.

ఆ కట్ట మీదే ఆయన ఇరుగుపొరుగు ఊళ్ళను మెచ్చుకుంటాడు. "ఎమ్మిగనూరు చూడు. మాచాని సోమప్ప నేతగాళ్ళనంతా ఒకచోట కూడేసి సొసైటీ నడిపె, 1954లోనే పద్మశ్రీ వచ్చె. ఆదోని చూడు, పత్తి యార్డు. ఒకప్పుడు రెండో బొంబాయి అంటుండ్రి. మంత్రాలయం చూడు, రాఘవేంద్రస్వామి. మనకేముందప్పా?" ఈ మాట అంటున్నప్పుడు వెనక సందులోంచి మగ్గం టకటకమంటూనే ఉంటుంది. ఆయనకు వినపడదు. వినపడితే, "ఆ మగ్గం చప్పుడుకు నిద్రే పట్టదు" అంటాడు.

చుట్టాలొస్తే మాత్రం మనిషి మారిపోతాడు. వియ్యంకుల వారిని జీపెక్కించి సుంకేసులకు తీసుకుపోతాడు. తుంగభద్ర మీది ఆ బ్యారేజీకి ఇప్పుడు కోట్ల విజయభాస్కరరెడ్డి పేరుంది. అక్కడి నుంచి మొదలయ్యే కేసీ కాలువను పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. పొలాలకు నీళ్ళే కాదు, పడవలు నడపాలని కూడా వాళ్ళ ఆలోచన. ఇదంతా ఏముందప్పన్న తానే దగ్గరుండి తవ్వించినంత వివరంగా చెబుతాడు. "పడవలా? కర్నూల్లోనా?" అని వియ్యంకుడు నోరు తెరిస్తే, "మరేమనుకుంటివి బావా మా వైపంటే!" అంటాడు. 2009 అక్టోబరు వరద గురించి కూడా చెబుతాడు. "కర్నూలు మునిగినప్పుడు మా బామ్మర్ది కుటుంబం యాడికొచ్చె? హైదరాబాదుకు పోయిండ్రా? మా ఇంటికే వచ్చిరి. మిద్దె నిండా పడకలే." చుట్టాలున్నంతసేపూ "ఏముందప్పా" అన్న మాట ఒక్కసారి కూడా రాదు. జీపు దిగి, చుట్టాలను బస్సెక్కించి, బస్సు మలుపు తిరిగాక, ఒక నిట్టూర్పు విడిచి అంటాడు: "ఏముందప్పా, నీళ్ళే కదా. అంత దూరం పోయి చూడల్నా?"

తొలకరి పడితే ఆయన రెండు వారాలు ఊళ్ళో ఉండడు. జొన్నగిరి, తుగ్గలి వైపు వాన పడి నేల కడిగినాక వజ్రాలు బయటపడతాయని జిల్లాలు దాటి జనం వస్తారు కదా. చద్దిమూటలు, గొడుగులు, వంగిన నడుములు. దొరికిన వాళ్ళ కథలు పేపర్లో వస్తాయి, దొరకని వాళ్ళ కథలు నడుం నొప్పిలో పోతాయి. ఏముందప్పన్న కూడా పోతాడు. ప్రతి ఏడూ ఏదో ఒక మెరిసే రాయి తెస్తాడు. ఒకసారి తెచ్చినదాన్ని చూపించడానికి ఒక సేటు దగ్గరికి పోతే ఆయన అటూ ఇటూ తిప్పి, "సీసా ముక్క, మంచి సీసాదే" అన్నాడట. అది ఇప్పటికీ వాళ్ళింట్లో దేవుడి గూట్లో ఉంది. అమ్మకానికి కాదు.

అన్నిటికీ ఆయన దగ్గర జవాబుంది గానీ, ఒక్కదానికి లేకపోయింది. సుగ్గికి పోయే బండ్లు కదులుతున్న రోజులవి. మా పల్లెల్లో పని చాలక, గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి కుటుంబాలకు కుటుంబాలే పోతాయి. చాపలు, బియ్యం మూట, గిన్నెలు, చంటిపిల్లలు, అన్నీ ఒక బండిలోనే. తలుపులకు తాళాలు పడతాయి, ముసలివాళ్ళు గడపల్లో మిగులుతారు. బస్టాండు దగ్గర ఆగిన బండిలోంచి తెలిసిన అమ్మాయిని చూసి ఈయన అలవాటు కొద్దీ, "ఏమ్మా, ఉన్న ఊరిడిసి ఆడికి పోయి ఏం చేస్తారు?" అన్నాడు. ఆ పిల్ల, "ఈడ ఏముందన్నా?" అంది. అది ఆయన మాటే. రోజూ ఆయన వాడేదే. ఆయన టీ కొట్టువాడి వైపు చూశాడు, బండిలో పిల్లలకు బన్నులు ఇప్పించాడు, డబ్బులు రాసుకోమన్నాడు. ఆ సాయంత్రమంతా వేరే మాటలే మాట్లాడాడు. నన్నడిగితే, తీరికున్నవాడు ఆ మాటంటే కాలక్షేపం, పని లేనివాడంటే లెక్క.

ఇక ఆయన మేనల్లుడి సంగతి. కర్నూల్లో ఇంజినీరింగు చదివి, ఇప్పుడు అమెరికాలో, మిన్నెసోటాలో ఒక చిన్న ఊళ్ళో ఉన్నాడు. ఆదివారం పొద్దున వీడియో కాల్ వస్తుంది. చుట్టూ మేమందరం మూగుతాం.

"ఎట్లుంది అల్లుడా మీ ఊరు?"

"ఏముంది మామా. ఒక వీధి, ఒక పెట్రోలు బంకు, ఒక చర్చి, ఒక ఐస్‌క్రీము అంగడి. రాత్రి ఎనిమిది దాటితే కుక్క గూడ కనపడదు."

"కుక్క గూడ ల్యాదా!" ఏముందప్పన్న మా అందరి వైపు గర్వంగా చూశాడు. మా వీధిలో కుక్కలకు లోటు లేదు.

ఆ కుర్రాడికి చదివే అలవాటుంది. అదే రాష్ట్రంలో సాక్ సెంటర్ అనే ఊరు గురించి చెప్పాడు. సింక్లెయిర్ లూయిస్ అనే రచయిత అక్కడే పుట్టాడు. 1920లో 'మెయిన్ స్ట్రీట్' అని నవల రాసి, అలాంటి చిన్న ఊళ్ళ ఇరుకుతనాన్ని, ఎవరింట్లో ఏం జరిగిందో తొంగి చూసే బుద్ధిని ఎండగట్టాడు. ఊరివాళ్ళకు ఒళ్ళు మండింది. 1930లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అమెరికాకు సాహిత్యంలో అదే మొదటిది. మెల్లగా ఊరు మనసు మార్చుకుంది. అసలైన మెయిన్ స్ట్రీట్ మాదేనని వీధికి పేరు పెట్టుకుంది. హైస్కూలు ఆటల జట్లకు కూడా మెయిన్‌స్ట్రీటర్స్ అన్నదే పేరు.

ఏముందప్పన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు.

"అంటే, ఊరిని తిట్టినోని పేరు చెప్పుకోని బోర్డు పెట్టుకున్నారా?"

"అవు మామా."

ఫోను పెట్టేసి మా వైపు తిరిగాడు. "ఇన్నేండ్ల నుంచి తిడతాండా. ఒక్క సందుకన్నా నా పేరు పెట్టినార్రా మీరు?"

మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. కుర్రాళ్ళు మర్నాడు బస్టాండు బెంచీ వెనక సుద్దముక్కతో ఆయన పేరు రాశారు. చూసి, "ఏముందప్పా, వానొస్తే పోతాది" అన్నాడు. అన్నాక, తువ్వాలు కొస బెంచీ మీద పడకుండా, రాతకు తగలకుండా, కొంచెం ముందుకు జరిగి కూర్చున్నాడు.

మీరెప్పుడైనా మా వైపు వస్తే కండక్టరును కర్నూలు గూడూరనే అడగండి. దిగగానే బెంచీ మీద ఆయన ఉంటాడు. "ఏముందప్పా ఈ ఊర్లో, ఇంత దూరం వచ్చినారు?" అంటాడు. "అవునండీ, ఏమీ లేదు" అని మాత్రం అనకండి, సాయంత్రం దాకా వదలడు. "ఉగ్గాణి యాడ దొరుకుతుందన్నా?" అనండి. ఆయనే తీసుకుపోతాడు, డబ్బులు కూడా ఆయనే ఇస్తాడు. కాకపోతే పొద్దున తొమ్మిది లోపల రండి, ఆ తర్వాత బజ్జీలుండవు.